అతుకు కనిపించని లేసు

నా ఉద్యోగం అనుమానించడం. పాలకొల్లులో జోగేశ్వరరావు గారి లేసు కొట్టులో ఇరవై రెండేళ్లుగా అదే పని చేస్తున్నాను. పుస్తకంలో మాత్రం ‘చెకింగ్ క్లర్కు చంద్రరావు’ అని గౌరవంగానే రాసుంటుంది. మేం దారం ఇస్తాం. చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు ఇంటి పని, పొలం పని అయ్యాక అరుగు మీద కూర్చుని క్రోషియా సూదితో లేసు అల్లుతారు. అది మా కొట్టు మీదుగా పై దేశాలకు వెళుతుంది. వెళ్లేముందు ప్రతి ముక్కా నా బల్ల మీద పడాల్సిందే.

ఇచ్చిన దారమంతా ముక్కలోకి వచ్చిందా, కొంత ఇంట్లో ఉండిపోయిందా? మొదలు తల్లి అల్లి, మధ్యలో బడికెళ్లే పిల్ల చేత అల్లించి, చివర మళ్లీ తల్లి అందుకుందా? ఇలాంటివే నా ఆలోచనలు. ముక్క బాగుంటే ఆకుపచ్చ దారం కట్టి, ‘చేతిపని, ఫస్టు రకం’ అన్న చీటీ మీద సంతకం పెడతాను. బాగుండకపోతే ఎర్ర దారం. వరసగా మూడు ఎర్ర దారాలు పడితే ఆ మనిషి పేరు కొట్టేస్తారు. మా దగ్గర పేరు పోయినవాళ్లకు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ దారం ఇవ్వరు. నేను చూస్తున్నంతసేపూ వాళ్లు నా ముందు నిలబడే ఉంటారు. బల్ల ముందు ఓ స్టూలు వేయిద్దామని అయ్యగారు ఒకసారి అంటే, కూర్చుంటే కబుర్లు మొదలెడతారని నేనే వద్దన్నాను.

ఈ సొద అంతా ఎందుకంటే, నేను చెప్పబోయేది దీవెన గురించి. ఆ అమ్మాయి గురించి చెప్పే ముందు నా బుద్ధి ఎలాంటిదో చెప్పడం న్యాయం.

దీవెన పోయినేడాది జూలైలో మా కొట్టులో చేరింది. ఇరవై ఆరేళ్లుంటాయి. సన్నటి మనిషి, పెద్ద కళ్లజోడు, పాత స్కూటీ. కంప్యూటర్ల డిగ్రీ చదివి, భీమవరంలో ఓ ఫొటో స్టూడియోలో మూడేళ్లు పెళ్లి ఆల్బమ్‌లకు అంచులు చేసిందట. పెళ్లికూతురి చుట్టూ గులాబీలు, పెళ్లికొడుకు చుట్టూ మామిడి తోరణాలు. ఆదివారాలు లూథరన్ చర్చిలో పాటలు పాడేవాళ్లలో ముందు వరసలో ఉంటుందని తర్వాత తెలిసింది. కొట్టులో మాత్రం నోరు తెరిచేది కాదు. మాట్లాడనివాళ్లంటే నాకు మొదటి నుంచీ నమ్మకం తక్కువ.

అయ్యగారు ఆమెను తెచ్చింది వెబ్ పేజీ కోసం. పై దేశాల కొనుగోలుదారులు ఇప్పుడు ఉత్తరాలు రాయరు, నమూనాలు అడగరు, ముందు పేజీ చూస్తారు. ఒక్కో రకం లేసుకు ఒక్కో పేజీ ఉండాలి, ఆ పేజీకి ఆ లేసే అంచుగా ఉండాలి. ఇదీ ఆయన కోరిక. గోదాం పక్క గదిలో కంప్యూటరూ, స్కానరూ పెట్టించి, “చంద్రరావూ, అమ్మాయికి ఏ ముక్క కావాలంటే ఆ ముక్క తీసివ్వు” అన్నారు. నా బీరువా తాళాలు అంతవరకు ఇంకో మనిషి కోసం తెరిచింది లేదు. నాకు ఒళ్లు మండింది.

పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను, సాయానికి కాదు, కాపలాకి. నల్ల గుడ్డ మీద లేసు పరిచి స్కానర్లో పెట్టింది. తెర మీద లేసు ఇంత లావున వచ్చింది. అందులోంచి ఒక్క పువ్వు మేరకు కత్తిరించి, ఎడమ అంచున పెట్టి, కుడివైపంతా పలచని గంజిరంగు నింపింది.

“ఇంతేనా? పేజీ ఇంత పొడుగుంటే నీ బొమ్మ బెత్తెడు లేదేంటమ్మా?” అన్నాను.

“చాలండి. బొమ్మ పెద్దదైతే పేజీ తెరుచుకోవడం ఆలస్యం అవుద్దండి. పేజీ వెనకాల పరిచే బొమ్మ ఇది. దీన్నే బ్రౌజరు ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ కిందదాకా పోద్దండి.”

“అంటే ఒక్క పువ్వు చూపించి గజాల లేసు అమ్మేస్తావన్నమాట.”

ఆ అమ్మాయి నవ్వలేదు. “దీని పై అంచూ కింది అంచూ సరిగ్గా కలవాలండి. కలవకపోతే ప్రతి పువ్వు దగ్గరా అతుకు కనబడిపోద్ది” అని తన పనిలో పడింది. ఆ అతుకు పోగొట్టడానికి పూటంతా పట్టింది. ఒక పోగు ఇటు జరపడం, ఒక పోగు అటు వంచడం, దూరంగా జరిగి చూడడం. ఇంత చిన్న బొమ్మకు ఇంత పొద్దు పడుతుందా, లేక పని నటిస్తోందా అని నాకు సందేహం.

మొదటి పేజీ అయ్యగారికి చూపించిన రోజు నాకు పండగే అయింది. ఆయన గదిలో గోడ మీద కొత్తగా పెట్టించిన పెద్ద తెర ఉంది. అందులో పేజీ తెరిస్తే ఎడమ అంచున లేసు బాగానే దిగింది. అంతటితో ఆగకుండా పేజీ మధ్యలో ఇంకోసారి దిగింది, సరిగ్గా ఆయన పేరు మీదుగా. ‘జోగేశ్వ’ దాకా తెల్లగా ఉంది, ‘రరావు’ లేసులో మునిగిపోయింది. ఆయన మొహం చూడాలి! దీవెన మాత్రం తొణకలేదు. బొమ్మ వెడల్పు ఈ తెర వెడల్పు కంటే తక్కువైందనీ, అందుకే పక్కన కూడా మళ్లీ పరుచుకుందనీ చెప్పి, గంజిరంగు ఖాళీని ఇంకా అంత పెంచి అరగంటలో తెచ్చి చూపించింది. రెండో అంచు మాయమైంది. నా పండగ కూడా అయిపోయింది.

ఆ వారంలోనే ఇంకో సంగతి బయటపడింది. మధ్యాహ్నం అన్నం తినడానికి దీవెన క్యారేజీ సంచి తీసింది. సంచి మూతికి బెత్తెడు లేసు కుట్టి ఉంది. సంచి పక్కకి జరుపుతూ వేలితో తడమగానే ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలిసిపోయింది. లేసు చూసి మనిషిని చెప్పగలనని నాకు పేరు. పువ్వు నుంచి పువ్వుకు పోయేటప్పుడు గొలుసు కొంచెం బిగించే అలవాటు ఈ చుట్టుపక్కల ఒక్కరికే ఉంది.

“ఆ లేసు సంపూర్ణమ్మ అల్లింది కదూ?” అన్నాను.

“ఆయ్. మా అమ్మండి” అంది, ముద్ద కలుపుకుంటూనే.

కాలవ అవతలి పేటలో ఉంటుంది సంపూర్ణమ్మ. ముప్ఫై ఏళ్లుగా మాకు అల్లుతోంది. కానీ ఆ మధ్య ఆమె ముక్కల మీద నేను రెండు ఎర్ర దారాలు కట్టాను. పువ్వులు ఎక్కువ తక్కువలు వస్తున్నాయి, ఒకచోట బిగువు, ఒకచోట వదులు. ఇంకొక్కటి పడితే ఆమె పేరు పోతుంది. సరిగ్గా అదే సమయానికి ఆమె కూతురు మా కొట్టులో తేలింది. తల్లి సంగతి ఒక్కమాట చెప్పకుండా! ఇక నాకు నిద్రెలా పడుతుంది?

న్యాయంగా ఇంకో సంగతి చెప్పాలి. సంపూర్ణమ్మ పని ఒక్కసారిగా పాడైపోలేదు. నా కొలతే మారింది. దానికి కారణం గంగాధర్. సముద్రం వైపు ఊళ్ల నుంచి లేసు పట్టుకొచ్చే ఏజెంటు. ఏడాదిన్నరగా అతను తెచ్చే సరుకు చూస్తే ముచ్చటేసేది. పువ్వుకీ పువ్వుకీ వెంట్రుకవాసి తేడా ఉండదు. గంజి పెట్టి, మడతలు తీర్చి, పెళ్లి చీరలా తెచ్చేవాడు. ఆ ముక్కల్నే బల్ల మీద పరిచి మిగతా ఆడవాళ్లకు పాఠం చెప్పేవాడిని. “చూశారా, వాళ్లవీ చేతులే! మీ చేతులకేం వచ్చింది?” అనేవాడిని. వాళ్లు నిలబడి, తలలు వంచుకుని వినేవారు. గంగాధర్ వచ్చినప్పుడల్లా ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒకటి నా బల్ల మీద పెట్టేవాడు. “మీ పిల్లలకండి” అనేవాడు. ఎవరినైనా సరే అనుమానించే నేను, ఆ డబ్బాను మాత్రం ఇంటికి పట్టుకెళ్లి ఇంటిల్లిపాదితో తిన్నాను.

సెప్టెంబరులో దీవెన గంగాధర్ తెచ్చిన రకానికి అంచు చేయడం మొదలెట్టింది. అప్పటి నుంచి ఆ అమ్మాయి వాలకం మారింది. మిగతావాటికి పూట పట్టిన పని దీనికి పది నిమిషాల్లో అయిపోయింది. అయినా ఇంకో ముక్క ఇమ్మంది. ఆ తర్వాత ఇంకోటి. “రెండు నెలల కిందటి బేలులోంచి ఒకటి ఇవ్వండి. వేరే మనిషి అల్లింది” అంది. అంచు ఒక్కటి అయితే ఇన్ని ముక్కలెందుకు? నేను గుమ్మంలో అడుగు పెట్టగానే తెర మీద ఉన్నది టక్కున మూసేసి, ఇంకేదో తెరిచేది. ఒకసారి మూసే లోపల చూశాను. తెరంతా నల్లగా ఉంది. ఇంకోసారి అదే నలుపులో తెల్లటి గీతలు, గాజు పగిలినట్టు. పక్కన బల్ల మీద వాళ్లమ్మ ముక్క, నా రెండో ఎర్ర దారంతో సహా.

“ఈ గంగాధర్ గారి లేసు ఎవరు అల్లుతారండి?” అని అడిగింది ఒకరోజు.

“అతని మనుషులు.”

“వాళ్లనెప్పుడన్నా చూసారాండి మీరు?”

“నీకెందుకమ్మా?”

“ఊరికేనండి” అని తల తిప్పేసుకుంది.

ఊరికే అడిగిన మనిషి తల తిప్పుకోదు. రెండు రోజులు ఆలోచించి నేను తేల్చుకున్నాను. తల్లి లేసులో తప్పుల్ని కంప్యూటర్లో ఒక్కొక్కటే చెరిపేస్తోంది. బాగున్న బొమ్మ అయ్యగారికి చూపించి, ‘ఇదిగో మా అమ్మ పని, చంద్రరావు గారు కక్షతో ఎర్ర దారం కడుతున్నారు’ అంటుంది. గంగాధర్ మనుషుల ఆచూకీ పట్టుకుని నమూనాలు కూడా వేరే కొట్టుకి చేరవేస్తుందేమో. అంతా సరిగ్గా అతికింది. నా ఊహలు ఎప్పుడూ అలాగే అతుకుతాయి.

ఆ శనివారం సంపూర్ణమ్మ కొత్త ముక్క తెచ్చింది. నాలుగు గజాల అంచు లేసు. కొంగుతో మొహం తుడుచుకుని నా బల్ల ముందు నిలబడింది. మూడో గజంలో రెండు పువ్వులు వదులుగా తగిలాయి వేలికి. గంగాధర్ ముక్క పక్కన పెట్టి చూశాను. ఎర్ర దారం కట్టాను.

“చంద్రరావు గారండీ, ఇది మూడోదండి” అంది.

“లెక్క నాకూ తెలుసమ్మా.”

ఆమె ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. పక్క గది గుమ్మంలో దీవెన నిలబడి ఉంది. తల్లీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు గానీ పలకరించుకోలేదు. అది కూడా నాకు నాటకంలాగే కనిపించింది.

సోమవారం అయ్యగారు పుస్తకం తెరిచి పేరు కొట్టేస్తారు. అంతకుముందే నా ఊహ చెప్పాలని పొద్దున్నే ఆయన గదికి వెళ్లాను. పూసగుచ్చినట్టు అంతా చెప్పాను. మూసేసే తెర, పాత బేళ్ల ముక్కలు, గంగాధర్ గురించి ఆరా, తల్లి సంగతి దాచడం. ఆయన విని, “పిలువు” అన్నారు.

దీవెన వచ్చింది. అయ్యగారు నేరుగానే అడిగారు. “ఏమ్మా, కంప్యూటర్లో ఏదో దాస్తున్నావట. ఏంటది?”

“దాచానండి” అంది. “మీకు చెప్దామనుకున్నాను గానీ, చంద్రరావు గారు లేనప్పుడు చెప్దామని ఆగానండి.”

“ఆయన ఉన్నప్పుడే చెప్పు.”

ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసింది. తర్వాత గోడ మీది పెద్ద తెరకు తన కంప్యూటరు తగిలించింది.

“అయ్యగారూ, అంచు బొమ్మకి ఒక పువ్వు కత్తిరిస్తాను కదండీ. పై అంచూ కింది అంచూ కలవాలి. చేత్తో అల్లిన లేసు ఎవరిదైనా సరే, ఠక్కున కలవదండి. ఒక పువ్వుకీ ఇంకో పువ్వుకీ ఎక్కడో పోగు తేడా ఉంటది. అందుకే నాకు పూట పడుతుంది. గంగాధర్ గారి లేసు ఎక్కడ కత్తిరించినా మొదటిసారే కలిసిపోయిందండి. నేను ఒక్క పోగు కూడా ముట్టుకోలేదు.”

“అంత బాగా అల్లారన్నమాట” అన్నాను నేను.

“నేనూ అలాగే అనుకున్నానండి ముందు.”

అప్పుడు తెర మీద ఒక పువ్వు పెట్టింది. దాని మీద అదే ముక్కలోని ఇంకో పువ్వు బొమ్మను పరిచింది. ఈ సాఫ్ట్‌వేర్లో ఒక సౌకర్యం ఉందట. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పెడితే, రెండిట్లో ఒకేలా ఉన్నదంతా నల్లగా అయిపోయి, తేడా ఉన్నది మాత్రమే తెల్లగా మిగులుతుంది. మొదట వాళ్లమ్మ లేసు పెట్టింది. నలుపు మీద తెల్లటి గీతలు, నేను ఆ రోజు చూసినవే. తర్వాత ఇంకో ఐదుగురి ముక్కలు పెట్టింది. నేను ఆకుపచ్చ దారం కట్టినవాళ్లవి, నేను మెచ్చుకున్నవాళ్లవి కూడా. అన్నిట్లోనూ గీతలే, ఒక్కొక్కరివి ఒక్కో తీరున.

చివర గంగాధర్ ముక్క పెట్టింది. తెర నల్లబడింది. మూలన ఒకటి రెండు చుక్కలు తప్ప ఏమీ లేదు.

“ఇది ఒకే ముక్కలోదండి. ఇప్పుడు రెండు నెలల తేడాతో వచ్చిన రెండు ముక్కలు చూడండి. చీటీల మీద ఇద్దరు ఆడవాళ్ల పేర్లున్నాయి” అంటూ వాటినీ ఒకదాని మీద ఒకటి పరిచింది.

మళ్లీ నలుపే.

“ఇద్దరు మనుషులు, రెండు నెలల తేడా, ఒక్క పోగు తేడా లేదండి” అంది దీవెన. “ఇది మిషను లేసండి. రెండు కొసలా మాత్రం మూడు వేళ్ల మేర చేత్తో అల్లి కలిపారు. చూసేవాళ్లు కొసలు చూస్తారని వాళ్లకి తెలుసు.”

మేం చూసేది కొసలే. ముక్కను రెండు కొసలూ కలిపి పట్టుకుని, ముడి ఎలా వేశారో చూసి, మధ్యలో వేలితో తడిమి వదిలేస్తాం. ఆ సంగతి ఈ కొట్టులో అందరికంటే ఎక్కువ తెలిసింది నాకే. గంగాధర్‌కి కబుర్లలో చెప్పింది కూడా నేనే అయ్యుంటాను.

అయ్యగారు లేచి, బీరువాలోంచి గంగాధర్ చీటీలు నాలుగు తీసి బల్ల మీద పరిచారు. ‘చేతిపని, ఫస్టు రకం.’ నాలుగింటి మీదా నా సంతకం. ఆయన చీటీలు చూశారు, తర్వాత నన్ను చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇరవై రెండేళ్లుగా నేను ఆడవాళ్ల మీద వాడుతున్న చూపు అది. అది నా మీద పడుతుందని ఏనాడూ అనుకోలేదు.

“చంద్రరావూ, వాడు నీకేమన్నా ఇస్తున్నాడా?” అన్నారు.

“లేదండి” అన్నాను. అన్న వెంటనే పూతరేకుల డబ్బాలు గుర్తొచ్చాయి. దీవెన మొహం చూస్తే ఆమెకూ అవే గుర్తొచ్చాయని తెలిసింది. తెర మూసేసింది తల్లి తప్పులు దాచడానికి కాదు. నా కంట పడకుండా. నేను గంగాధర్ మనిషిననుకుంది. నేను చూస్తే అతనికి చేరవేస్తాననుకుంది. నేను ఆ అమ్మాయిని కనిపెట్టుకుని కూర్చున్న రెండు నెలలూ ఆ అమ్మాయి నన్ను కనిపెడుతూనే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు నా ముందు రెండే దారులు. తెలిసే సంతకం పెట్టానని ఒప్పుకోవాలి, లేదా తెలియక పెట్టానని ఒప్పుకోవాలి. మొదటిది అబద్ధం. రెండోది చెబితే నాకున్న ఒక్క పేరూ పోతుంది.

“నాకు తెలియలేదండి” అన్నాను. “రెండేళ్లుగా నాకు దగ్గరి చూపు సరిగ్గా ఆనడం లేదండి. చెబితే ఈ బల్ల దగ్గర ఇంకొకర్ని పెడతారని చెప్పలేదు. వేళ్లతోనే నెట్టుకొస్తున్నాను. వేలికి నున్నగా తగిలిందల్లా మంచిదనుకున్నాను. పూతరేకులు తిన్నాను, అదొక్కటే నిజం.”

దీవెనే అందుకుంది. “నిజమే అయ్యుంటదండి. కళ్లు కనబడేవాళ్లయితే ఆ ముక్కలు బల్ల మీద పరిచి అందరికీ చూపించరు కదండీ.”

నన్ను కాపాడిన మాట అదే. మెచ్చుకోలు కాదు గానీ, ఆ రోజు నాకు అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు.

గంగాధర్ ఆ మధ్యాహ్నం నుంచి ఫోను ఎత్తలేదు. బేళ్లు వెనక్కి తెప్పించడం, కొనుగోలుదారులకు ఉన్న సంగతి రాయడం, అదంతా అయ్యగారు చూసుకున్నారు. సంపూర్ణమ్మ పేరు కొట్టేయలేదు. ఆ ఏడాదిన్నరలో గంగాధర్ ముక్క పక్కన పెట్టి నేను కట్టిన ఎర్ర దారాలన్నీ విప్పి మళ్లీ చూడమన్నారు, ఈసారి కళ్లజోడుతో, పక్కన దీవెనను కూర్చోబెట్టుకుని. చాలావాటికి ఆకుపచ్చ దారం కట్టాల్సి వచ్చింది. అప్పటికే పేర్లు పోయినవాళ్లు ముగ్గురున్నారు. ఇద్దరు తిరిగి వచ్చారు. మూడో ఆమె మీ దారం నాకక్కర్లేదని కబురు పంపింది. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

అన్నిటికంటే ముందు తెరుచుకునే వెబ్ పేజీ అంచుకి సంపూర్ణమ్మ లేసే పెట్టాలని అయ్యగారు అన్నారు, నేను మూడో ఎర్ర దారం కట్టిన ముక్క. ఒక పువ్వు కత్తిరించి అతుకు సరిచేస్తే పోయేదానికి, దీవెన వారం రోజులు దాని మీదే కూర్చుంది. నాలుగు గజాలూ ముక్క ముక్కలుగా స్కాన్ చేసి, వరసగా కలిపి, ఒకే పొడుగాటి బొమ్మ చేసింది.

“ఇంత బొమ్మ పెడితే పేజీ తెరుచుకోవడం ఆలస్యం అవుతుందని నువ్వే అన్నావు కదమ్మా?” అన్నాను.

“నాణ్యత కాస్త తగ్గించి సర్దానండి. ఒక్క పువ్వు తీసి కిందదాకా పేర్చేస్తే, అది కూడా మిషను లేసే అవుద్ది కదండీ” అంది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం నేను కాలవ దాటి సంపూర్ణమ్మ ఇంటికి వెళ్లాను. అల్లేవాళ్ల ఇంటికి నేనుగా వెళ్లడం అదే మొదలు. ఆమె అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టి లేచింది.

“చంద్రరావు గారా! రండి, కూచోండి. ఏం తప్పొచ్చిందండీ మళ్లీ?”

“తప్పు నాదేనమ్మా. అది చెబుదామనే వచ్చాను” అన్నాను. కళ్ల సంగతి, గంగాధర్ సంగతి, మూడు ఎర్ర దారాల సంగతి చెప్పాను. క్షమించమన్నాను. ఆమె వింది. “దీవెన చెప్పిందండి” అంది. క్షమించానని మాత్రం అనలేదు.

ఫోనులో పేజీ తీసి చేతికిచ్చాను. అక్షరాల వైపు చూడలేదు. అంచు వెంబడే వేలితో జరుపుకుంటూ పోయింది. మూడో గజం దగ్గర వేలు ఆగింది.

“ఇక్కడ వదులొచ్చిందండి. ఆ వారం నాట్లు. పొద్దస్తమానం మడిలో వంగి వచ్చి సూది పడితే, వేళ్లు మన మాట ఇనవండి” అంది.

“నేను ఎర్ర దారం కట్టింది అక్కడేనమ్మా.”

“తెలుసండి.”

సంచిలోంచి ఎనిమిది దారం ఉండలు తీసి అరుగు మీద పెట్టాను. పైన చీటీ ఉంచాను. ఎప్పుడూ ఇచ్చే దారమే, ఎప్పుడూ ఇచ్చే లెక్కే. ఆమె వెంటనే తీసుకోలేదు. లోపలికి వెళ్లి కళ్లజోడు పెట్టుకొచ్చింది. మొదటి ఉండ తీసి అరచేతిలో బరువు చూసింది. కొస లాగి, రెండు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. లోపల ఏదన్నా పెట్టి పైన చుట్టారేమోనని బొటనవేలితో నొక్కి చూసింది. చీటీ తీసి చదివింది.

“ఈ సంతకం మీరు చూసే పెట్టారాండి?” అంది.

“చూసే పెట్టానమ్మా.”

తల ఊపి రెండో ఉండ అందుకుంది. పక్కన కుర్చీ ఉంది, వచ్చీ రాగానే ఆమె కూర్చోమని కూడా అంది. ఎనిమిదో ఉండ చూసేదాకా నేను నిలబడే ఉన్నాను.